పై గీత

లువోయాంగ్ పాతబస్తీ, నగారా గోపురం వెనక సందు. గోడకి ఆనించిన చిన్న బల్లకి ఒకవైపు నాణేలు వేసి, అవి పడ్డ తీరుని బట్టి ఆరు గీతలు గీసి ప్రశ్న చెప్పే మియావ్ మాస్టారు, డెబ్బై ఆరేళ్ళాయన. రెండోవైపు ఆసుపత్రి మందుల కౌంటర్లో పనిచేసి రిటైరైన తోంగ్ హుయ్‌చిన్. ఆవిడకి ఇది ఎనిమిదో గురువారం పాఠం.

"మళ్ళీ పైనుంచి రాస్తున్నారు."

"అయ్యో! చేతి అలవాటు మాస్టారూ. ముప్ఫై ఏళ్ళు మందుల చీటీలు పైనుంచి కిందికే చదివాను."

"ఇది చీటీ కాదమ్మా, చెట్టు. కిందనుంచి లేస్తుంది. మొదటి గీత అట్టడుగున. కొట్టెయ్యండి."

"కొట్టేశాను. ఇవాళైనా నా సొంత ప్రశ్న అడగనిస్తారా? ఏడు వారాలుగా వాన పడుతుందా, బస్సు ఆలస్యమా... ఇవే అడిగిస్తున్నారు."

"వాన పడుతుందా అన్నది చిన్న ప్రశ్నేం కాదు."

"మొన్న ఇంట్లో వేస్తే పడుతుందని వచ్చింది. ఆరేసిన దుప్పట్లన్నీ పరిగెత్తి లోపలికి తెచ్చాను. చుక్క రాలలేదు. ఎండలో దుప్పట్లు తీశానని మా ఆయన ఇప్పటికీ నవ్వుతున్నాడు."

"గుర్తు తప్పు చదివుంటారు."

"అందుకేగా మీ ముందు వేస్తానంటున్నాను. తప్పు చదివితే మీరు పట్టుకుంటారు."

"సరే. అడగండి. ఒక్కటే ప్రశ్న. పైకి, సూటిగా. నాణేలకి నసుగుడు అర్థం కాదు."

"మా ఇంట్లో ఒక శుభకార్యం ఉంది, ఆ విషయంలో..."

"ఇదే నసుగుడంటే."

"మా అబ్బాయి పెళ్ళి."

"పెళ్ళి గురించి ఏమిటి?"

"ఆ అమ్మాయి మా దగ్గర ఏదో దాస్తోంది. దాస్తోందా, లేదా? అదీ నా ప్రశ్న. మాస్టారూ... టీ ఒలుకుతోంది."

"ఆఁ? ఒలికింది. తుడుస్తానుండండి. ఏ... ఏ అమ్మాయి?"

"ఏ అమ్మాయేమిటి, నాకేదో నలుగురు కొడుకులున్నట్టు! రుయ్‌నింగ్. మూడో వారం ఫోనులో ఫోటో చూపించలేదూ? మీరు కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని మరీ చూశారు. 'చిక్కింది' అన్నారు."

"బక్కగా ఉంది అనుంటాను."

"చిక్కింది అన్నారు. నాకు బాగా గుర్తు. ముందెప్పుడో చూసినవాళ్ళు అన్నట్టు అన్నారు."

"మాట దొర్లుంటుంది. చూడండమ్మా, ఈ ప్రశ్న వద్దు. ఇంకొకటి అడగండి."

"ఎందుకొద్దు?"

"పక్కవాళ్ళ గుట్టు నాణేల్ని అడక్కూడదు. మన సంగతే అడగాలి."

"పెళ్ళిళ్ళు, ఉద్యోగాలు, పోయిన వస్తువులు, దూరాన ఉన్నవాళ్ళ క్షేమం, అన్నీ అడగొచ్చని మొదటి వారం మీరే అన్నారు. తేదీతో సహా రాసుకున్నాను."

"అన్నానా?"

"ఇదిగో. మీ చేతిరాత కూడా ఉంది పక్కన."

"మీకు అన్నీ రాసుకునే జబ్బుందమ్మా."

"మందుల కౌంటర్లో ఆ జబ్బు లేకపోతే మనుషులు పోతారు మాస్టారూ. ఇంతకీ నా అనుమానం ఉత్తినే రాలేదు. అమ్మాయి బంగారం. ఎదురు మాట్లాడదు, వచ్చిన దగ్గర్నుంచి వెళ్ళేదాకా గిన్నెలు నన్ను ముట్టుకోనివ్వదు. కానీ వాళ్ళ తాత ఉన్నారు చూడండి, అమ్మకి నాన్న..."

"ఊఁ."

"అమ్మ చిన్నప్పుడే పోతే ఆయనే పెంచాడట. కాలేజీలో ప్రాచీన గ్రంథాలు చెప్పేవాడట. పోయాడట."

"పోతారు. ముసలాళ్ళు పోతారు కదా."

"పోతారు, కాదనను. కానీ ఎప్పుడు పోయారమ్మా అంటే ఒకసారి మంచు కురుస్తోందంటుంది, ఇంకోసారి పుచ్చకాయల రోజులంటుంది. మంచులో పుచ్చకాయలెక్కడివి మాస్టారూ?"

"బాధలో తేదీలు గుర్తుండవు ఒక్కోసారి."

"పోయిన నెల సమాధుల పండక్కి ఊరంతా చీపుర్లూ పూలూ పట్టుకుని బయల్దేరింది కదా. 'మీ తాతగారి సమాధెక్కడమ్మా, మేమూ వచ్చి దణ్ణం పెడతాం' అన్నాను. మొహం ఎర్రగా కందిపోయింది. కడిగిన గిన్నే మళ్ళీ కడిగింది."

"పాపం. మరి... ఏడ్చిందా?"

"ఏడవలేదు. తల వంచుకుని కడుగుతూనే ఉంది. మీరేమిటి, ఆ అమ్మాయి తరఫు వకీల్లాగా మాట్లాడుతున్నారు?"

"లేదు లేదు. అడిగాను, అంతే."

"ఆదివారం మళ్ళీ భోజనానికొస్తోంది. గొర్రెమాంసం నూడుల్స్ చేద్దామని. పైన గుప్పెడు కొత్తిమీర జల్లి..."

"కొత్తిమీర వద్దు."

"ఏం?"

"అంటే... కొందరికి పడదు. మెడంతా దద్దుర్లు లేస్తాయి."

"పోయినసారి ఒక్కో ఆకూ ఏరి గిన్నె అంచున పెట్టింది. ఈ సంగతి మీకు నేను చెప్పానా?"

"చెప్పే ఉంటారు."

"చెప్పలేదు మాస్టారూ."

"నాణేలు తీసుకోండి. వేస్తానన్నారుగా, వెయ్యండి! పొద్దు పోతోంది."

"ఇంతసేపూ వద్దన్నారు!"

"ఇప్పుడు వెయ్యమంటున్నాను. రెండు చేతులూ దోసిలిగా మూసి, ప్రశ్న మనసులో పెట్టుకుని. ఊఁ."

"ఇదిగో."

"ఏం పడింది?"

"ఒకటి బొరుసు, రెండు అక్షరాల వైపు. నిండు గీత."

"అడుగున రాయండి. రెండోది."

"రెండు బొరుసులు. తెగిన గీత."

"మూడు."

"మళ్ళీ ఒక్క బొరుసు. నిండుది. నిండు, తెగిన, నిండు... కింద నిప్పు గుర్తు! చూశారా, వచ్చేసింది నాకు."

"మురిసిపోకండి. ఇంకా సగమే. నాలుగు."

"రెండు బొరుసులు."

"అయిదు."

"రెండే. తెగినవి రెండూ."

"ఆరు. ఆఖరుది. మెల్లిగా... మెల్లిగా వెయ్యమంటే ఆ విసురేమిటి! నాణెం కప్పుకి తగిలింది."

"తగిలినా బల్ల మీదే ఉంది. మూడూ బొరుసులే! మూడూ!"

"ఆఁ ఆఁ. నిండు గీత. పైన కొండ, కింద నిప్పు. అయిపోయింది. చాలా మంచి గుర్తమ్మా. దీని పేరు అలంకారం. కొండ అడుగున మంట వెలిగితే కొండ మీద చెట్టూ చేమా ఎంత అందంగా కనపడతాయి? అలాగన్నమాట. పెళ్ళికి ఇంతకంటే ఏం కావాలి? పట్టు కట్టండి, దీపాలు పెట్టండి. దాచడం గీచడం ఏమీ లేదు. పుస్తకం మూసెయ్యండి. ఇంకో టీ పోస్తాను."

"ఆగండి మాస్టారూ."

"పాఠం అయిపోయిందమ్మా."

"మూడూ బొరుసులు పడితే గీత పక్కన సున్నా చుట్టాలి కదా? అది నిలవదు, మారుతుంది. నిండుది తెగుతుంది. మీరు చుట్టించలేదేం?"

"అది... కప్పుకి తగిలింది కదా. లెక్కలోకి రాదు."

"బల్ల మీద పడ్డది పడ్డట్టే అన్నారు. నేల మీద పడితేనే మళ్ళీ వెయ్యాలన్నారు."

"ఒక్కోసారి..."

"ఒక్కోసారి అని లేదు ఇక్కడ. ఇదిగో, నాలుగో వారం. నేనే మారుస్తాను. పై గీత తెగితే... మూడూ తెగినవే. కొండ పోయి మట్టి అయింది. పైన మట్టి, కింద నిప్పు. ఒక్క నిమిషం, పట్టీ చూస్తాను. మట్టి... నిప్పు... ఆ! 'వెలుగు మట్టికింద పడింది. తెలివైనవాడు తన వెలుగుని దాచుకుంటాడు.' మాస్టారూ!"

"ఊఁ."

"దాచడం అని రాసుంది."

"రాసుంది."

"నాకు ఎనిమిది వారాల చదువు. నాకే కనపడింది. మీకు కనపడలేదా?"

"కళ్ళు... ఈ మధ్య కళ్ళు సరిగ్గా..."

"కళ్ళద్దాలు మీ ముక్కు మీదే ఉన్నాయి."

"ఉన్నాయి."

"మరి ఎందుకు దాటేశారు?"

"నలభై ఆరేళ్ళుగా ఈ బల్ల దగ్గర కూర్చుంటున్నానమ్మా. నా భార్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేనే వేశాను, నేనే చదివాను. చెడ్డగా వచ్చింది. ఉన్నదున్నట్టు ఆమెకే చెప్పాను. ఇవాళ మొదటిసారి... మీరు వెళ్ళిపోండి. ఇంక రావద్దు. నేను గురువుగా పనికిరాను."

"నన్ను వెళ్ళమనడం కాదు. ఎందుకో చెప్పండి."

"ఆ పిల్లని ఏమీ అనకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను. దాచింది నిజమే. కానీ దాని తప్పు కాదు. దానికి ఆ అబద్ధం నేర్పింది నేను."

"మీరా? మీకేం సంబంధం?"

"మీ ఇంట్లో చనిపోయాడని చెప్పిన ఆ తాత... నేనేనమ్మా."

"కాలేజీలో చెప్పేవాడన్న ఆ తాతా?"

"కాలేజీ లేదు, పాఠాల్లేవు. ఈ బల్లే. ఈ మూడు రాగి నాణేలే."

"ఆగండి. ఆగండి. నన్ను కాస్త... ఒక్క నిమిషం ఊపిరి పీల్చుకోనివ్వండి."

"నీళ్ళు తాగండి."

"వద్దు! ఎనిమిది వారాలుగా నేను చచ్చిపోయినవాడి చేత్తో టీ తాగుతున్నానన్నమాట! ఇద్దరూ కలిసి నన్ను వెర్రిదాన్ని చేశారు!"

"మొదట నాకూ తెలీదు. ఎవరో పెద్దావిడ నేర్చుకోడానికొచ్చిందనుకున్నాను. మూడో వారం మీరు ఫోటో తీసేదాకా తెలీదు."

"తెలిశాక చెప్పొచ్చుగా!"

"చెప్పొచ్చు. చెప్పలేదు. మీరు పాఠం కోసం వచ్చారు, నేను కబురు కోసం కూర్చున్నాను. 'అమ్మాయి నిన్న వచ్చింది, కొత్త గొడుగు కొనుక్కుంది, మా ఇంట్లో రెండు గిన్నెల అన్నం తింది' అని మీరు మాటల్లో అంటుంటే... నాలుగు వారాల్లో అయిపోయే పాఠం ఇది. లాగి లాగి ఎనిమిది చేశాను. బస్సులూ వానలూ అడిగించాను."

"ఛీ!"

"అవును."

"మీ మనవరాలి కబురు మీకు తెలీదా? ఫోనుల్లేవా?"

"పెళ్ళయ్యేదాకా ఈ సందు తొక్కొద్దని నేనే చెప్పాను. ఎవరైనా చూస్తారని. ఫోన్ చేస్తుంది. 'తిన్నావా?' 'తిన్నాను, నువ్వు?' 'తిన్నాను.' అంతే. తర్వాత ఇద్దరం ఫోన్ పట్టుకుని ఊరుకుంటాం. దానికి నన్ను చంపానని సిగ్గు. నాకు చంపించుకున్నానని సిగ్గు."

"అసలెందుకు చెప్పమన్నారు అలా? మేమేమైనా పులులమా?"

"దానికి పదకొండేళ్ళప్పుడు బళ్ళో తల్లిదండ్రుల్ని రమ్మన్నారు. ఉన్నంతలో మంచి కోటు వేసుకెళ్ళాను. ఒక పిల్లాడి తండ్రి నన్ను గుర్తుపట్టాడు. 'ఓ మాస్టారూ, మా వాడికి లెక్కల్లో ఎన్ని మార్కులొస్తాయో నాణెం వేసి చెప్పు' అన్నాడు. గదంతా ఘొల్లుమంది. పంతులమ్మ కూడా నోటికి పుస్తకం అడ్డం పెట్టుకుంది. నేనూ నవ్వాను."

"మీరెందుకు నవ్వారు?"

"నవ్వకపోతే ఇంకా నామోషీ కదమ్మా. ఇంటికొచ్చేటప్పుడు నింగ్‌నింగ్, రుయ్‌నింగ్‌ని ఇంట్లో అలాగే పిలుస్తాను, నాకంటే పదడుగులు ముందు నడిచింది. వెనక్కి తిరగలేదు. ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత దాని బడివైపు నేను వెళ్ళలేదు. పరీక్ష రాసి సర్కారు ఉద్యోగం తెచ్చుకుంది. మీ అబ్బాయి సంగతి చెప్పింది. మంచి కుటుంబం, ఇంటాయన పెద్ద ఆఫీసులో చేశాడు అంది. సందులో సోది చెప్పేవాడి మనవరాలు అంటే మీరేమనేవారు?"

"నేనేమీ..."

"నిజం చెప్పండి."

"ముందు... ముందు మావాణ్ణి కాస్త ఆలోచించుకోమనేదాన్ని."

"చూశారా. అందుకే నేనే అన్నాను. 'పోయాడని చెప్పెయ్యవే, బతికున్న సోదివాడికంటే పోయిన పంతులు మేలు' అని. అది ఏడ్చింది, వద్దంది. 'నోర్ముయ్, చెప్పు' అన్నాను. రెండోరోజు ఒప్పుకుంది. అప్పుడు... ఎవరికీ చెప్పని మాట చెప్తున్నానమ్మా. నేనే చెప్పమన్నాను. తీరా అది సరేననేసరికి ఇక్కడ కలుక్కుమంది. అంత తొందరగా ఒప్పుకుందేం అనిపించింది. దాన్ని తోసిందీ నేనే, పడిందని నొచ్చుకుందీ నేనే. సిగ్గులేని ముసలాణ్ణి."

"మాస్టారూ..."

"పెళ్ళి ఆపకండి. నేను ఏ ఊరో పోతాను. నిజంగానే పోయాననుకోండి."

"చాలు! ఇంకోసారి పోతాననకండి. నేనొకటి చెప్తాను, వినండి. నా మొహం చూడకుండా వినండి."

"చెప్పండి."

"గురువారం గురువారం నేనెక్కడికెళ్తున్నానని మా ఆయన అనుకుంటున్నాడో తెలుసా? మోకాలి నొప్పికి కాపడం పెట్టించుకోడానికని. సందు మొదట్లో మూతికి మాస్కు పెట్టుకుంటాను. నాకే జలుబూ లేదు. మొన్న ఆ మలుపులో మా పాత సూపరింటెండెంట్ ఎదురైతే, గొర్రెమాంసం కొట్లోకి దూరి, అక్కర్లేని కిలో ఎముకలు కొనుక్కుని బయటికొచ్చాను. మీ దగ్గర నేర్చుకుంటున్నానని చెప్పుకోడానికి నాకు నోరు రాలేదు. మరి నా కోడలికి నోరు రాలేదని నేనెలా తప్పుపడతాను?"

"కోడలా?"

"మరేమంటారు? ఆ పిల్ల అబద్ధమాడిందని నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. రేపూ మండుతుంది. దాన్ని కూర్చోబెట్టి నాలుగు తిడతాను, మీరు అడ్డం రాకండి. అది వేరు సంగతి. ముందు ఇది తేల్చండి. ఇదిగో కాగితం."

"దేనికి?"

"పై గీత. ఇప్పుడు చదవండి. ఉన్నదున్నట్టు."

"ఆ కాగితం ముట్టుకునే అర్హత నాకు లేదమ్మా."

"నేను పట్టుకుంటాను కాగితం. చదవండి."

"పై గీత... మూడు బొరుసులు. మారే గీత. అలంకారాల్లో ఆఖరు మెట్టు. అక్కడ... అక్కడ రంగులుండవు. పట్టు ఉండదు. ఉత్త తెలుపు. ఏ పూతా లేని తెలుపు. పూసుకున్నవన్నీ తీసేస్తే..."

"తీసేస్తే?"

"దోషం లేదు అని."

"దోషం లేదా?"

"లేదు."

"ఇంత మంచి మాటనా మీరు నా దగ్గర దాటేసింది?"

"దాన్ని చదవలేదమ్మా. మూడు బొరుసులు చూడగానే ఆ గీత మారాక వచ్చే 'దాచడం' ఒక్కటే కళ్ళబడింది. భయంతో అక్కడే మూసేశాను. ఆ పిల్లకి మేలు చేద్దామని దానికొచ్చిన మేలునే తొక్కేశాను. నలభై ఆరేళ్ళు! ఇవాళ పాఠం మొదలెట్టినవాళ్ళు కూడా చెయ్యని తప్పు..."

"ఏడవకండి. ఎదురు కొట్టువాడు చూస్తున్నాడు. చూడనివ్వండిలే. తల పైకెత్తండి."

"ఎత్తలేనమ్మా. ఒక్క సాయం చెయ్యండి. మీ ఇంట్లో ఎవరికి చెప్పుకున్నా చెప్పుకోండి. నింగ్‌నింగ్‌కి మాత్రం తెలియనివ్వకండి. మీరిక్కడికి వస్తున్నారనీ, నేనిలా... నేనిలా దొంగ చదువు చదివాననీ."

"మీ దొంగ చదువు సంగతి చెప్పనులెండి. అది మనిద్దరి మధ్యే. కానీ నేనిక్కడికి వస్తున్నట్టు తెలియకపోవడమేమిటి మాస్టారూ? నేర్చుకోవాలనుందని నోరు జారితే నన్ను ఈ సందుకి పంపిందే నింగ్‌నింగ్. 'ఇంకెవరి దగ్గరికీ వెళ్ళకండి ఆంటీ, నగారా గోపురం వెనక ఒక ముసలాయన ఉంటాడు, ఆయన ఎవరి మొహం చూసీ ఒక్క గీత మార్చి చదవడు' అంది."